72 కోట్ల గుర్రం, మూడే పరుగులు

2006 ఫిబ్రవరిలో అమెరికాలోని ఫ్లోరిడాలో, కాల్డర్ రేస్ కోర్సులో జరిగిన వేలంలో ఒక మగ గుర్రప్పిల్ల 1.6 కోట్ల డాలర్లు పలికింది. డాలరుకు అప్పటి రేటు 45 రూపాయలు వేసుకుంటే 72 కోట్లు. దాని వయసు అప్పటికి రెండేళ్లు. ఒక్క పందెంలోనూ పరిగెత్తి ఎరగదు. కొన్నది ఐర్లాండుకు చెందిన కూల్‌మోర్ బృందం. ఆఖరిదాకా పోటీపడి పాట పెంచింది దుబాయ్ పాలకుడు షేక్ మహమ్మద్ తరఫువాళ్లు. గుర్రప్పందేల లోకంలో ఈ ఇద్దరినీ మించిన సంపన్న శాలలు అరుదు. ఆ పిల్లకు ద గ్రీన్ మంకీ అని పేరు పెట్టారు. అది మొత్తం మూడు పందేలు పరిగెత్తింది, ఒక్కటీ గెలవలేదు. సంపాదన 10,440 డాలర్లు, అదే రేటున 4.7 లక్షల రూపాయలు. మేత, మందులు, శిక్షణ ఖర్చు పక్కన పెట్టినా, కొన్న ధరలో ప్రతి 1,530 రూపాయలకు తిరిగొచ్చింది ఒక్క రూపాయి.

డబ్బుకు కొదవ లేదు. మంచి పశువైద్యులు, పేరున్న శిక్షకులు, మేలైన మేత అన్నీ ఉన్నాయి. అయినా ఇలాంటి శాలల్లో ఆశలు రేపిన గుర్రాలు ఎందుకు వాడిపోతుంటాయి? చిన్న సమాధానం ఇది: శాల వేసుకునే లెక్క వేరు, గుర్రం శరీరానికి ఉన్న లెక్క వేరు. ఆ రెండు లెక్కలనూ అంకెలతో విడివిడిగా చూద్దాం. పందెం కాయడం గురించి మీకేమీ తెలియకపోయినా ఫరవాలేదు.

ఇంతకీ ఆ ధర దేనికి పలికింది?

గ్రీన్ మంకీ పుట్టుక మంచిదే. పేరుమోసిన స్టార్మ్ క్యాట్‌కు అది మనవడు. కానీ అంతకుముందు ఏడాది, ఏడాది వయసు పిల్లగా ఉన్నప్పుడు దాన్ని ఇద్దరు వ్యాపారులు కొన్న ధర 4.25 లక్షల డాలర్లే. ఏడాది పిల్లను కొని, కొన్ని నెలలు తర్ఫీదు ఇచ్చి, రెండేళ్లకు తిరిగి అమ్మడం అమెరికాలో ఒక వ్యాపారం. ఏడాది తిరక్కుండానే ధర 37 రెట్లకు పైగా పెరగడానికి ముఖ్య కారణం వేలానికి ముందు కొనేవాళ్ల కళ్లెదుట పెట్టిన ఒక పరుగు. ఫర్లాంగు దూరాన్ని, అంటే సుమారు 201 మీటర్లను, అది 9.8 సెకన్లలో దాటింది. గంటకు దాదాపు 74 కిలోమీటర్ల వేగం. పది సెకన్లు కూడా లేని ఆ పరుగే 72 కోట్లకు దారితీసింది. పెద్ద పందెం మాత్రం సాధారణంగా 1,600 నుంచి 2,400 మీటర్లు సాగుతుంది. పది సెకన్ల వేగం రెండు నిమిషాల సత్తా గురించి చెప్పేది తక్కువ.

ఆ వయసులో కాళ్లు ఎంత మోయగలవు?

పందెం గుర్రం బరువు సుమారు 500 కిలోలు. పూర్తి వేగంతో దౌడు తీసేటప్పుడు కొన్ని క్షణాల్లో ఒకే గిట్ట నేల మీద ఉంటుంది. ఆ కాలి మీద పడే ఒత్తిడి శరీర బరువుకు రెండున్నర రెట్లు, అంటే 1,250 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తాలు యాభై ఒక్క కాలి మీద పెట్టినట్టు. ఇక ఎముక చివర్లలో మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ఎముక పొడవు పెరిగేది అక్కడే. ముందుకాలి మోకాలి పైనున్న ఆ పొర గట్టిపడేసరికి గుర్రానికి రెండు, రెండున్నర ఏళ్లు వస్తాయి. వెన్నుపూసల్లో అయితే ఐదేళ్ల దాకా పడుతుంది.

అయితే రెండేళ్లకు పరిగెత్తించడమే తప్పా? కాదు. ఎముక మోసే బరువును బట్టి తనను తాను గట్టిపరచుకుంటుంది. కొలిచి కొలిచి పెంచిన శ్రమ లేత వయసులో మేలే చేస్తుంది. కీడు చేసేది ఉన్నట్టుండి పెంచే వేగం, గాయం మానకముందే మళ్లీ పెట్టే పరుగు, ఎముకకు కోలుకునే వ్యవధి ఇవ్వని తేదీల పట్టిక. గ్రీన్ మంకీని కండరాల గాయం వెనక్కి లాగింది. వేలం జరిగిన ఏడాదిన్నర తర్వాత, 2007 సెప్టెంబరులో గానీ అది తొలి పందేనికి రాలేదు. ఆ రోజు మూడో స్థానం, తర్వాత నాలుగు, ఆ తర్వాత ఇంకా వెనక. 2008 మొదట్లో విరమణ ఇచ్చేశారు.

అంత సొమ్ము పోతే శాల కుంగిపోదా?

పోదు. ఇక్కడే శాల లెక్క అర్థం కావాలి. పెద్ద శాలల అసలు ఆదాయం పందెం బహుమతుల్లో లేదు, స్టడ్ ఫీజులో ఉంది. ఒక ఆడగుర్రానికి చూడి కట్టించినందుకు మగగుర్రం యజమాని తీసుకునే రుసుమే స్టడ్ ఫీజు. మామూలుగా ప్రాణాలతో పిల్ల పుట్టాకే చెల్లిస్తారు. స్టార్మ్ క్యాట్‌కు మంచి రోజుల్లో ఈ రుసుము 5 లక్షల డాలర్లు. పేరున్న మగగుర్రం ఏడాదికి వందకు పైగా ఆడగుర్రాలతో కలుస్తుంది.

ఫ్లైట్‌లైన్ అనే అమెరికా గుర్రాన్ని చూడండి. ఆరు పందేలు పరిగెత్తి ఆరూ గెలిచి, 2022లో నాలుగేళ్ల వయసులో విరమించింది. జీవితమంతా గెలిచిన బహుమతులు సుమారు 45 లక్షల డాలర్లు. విరమించిన రోజుల్లోనే దానిమీద రెండున్నర శాతం వాటా వేలంలో 46 లక్షల డాలర్లకు పోయింది. రూపాయిలో రెండున్నర పైసల వాటాకు పలికిన ధర, ఆ గుర్రం మొత్తం పందెపు సంపాదనను దాటేసింది. ఆ లెక్కన గుర్రం విలువ 18.4 కోట్ల డాలర్లు. మొదటి ఏడాది దాని స్టడ్ ఫీజు 2 లక్షల డాలర్లు. వంద పిల్లలు పుడితే 2 కోట్ల డాలర్లు, అంటే అప్పటి రేటున 160 కోట్ల రూపాయలకు పైనే. ఆ గుర్రాన్ని ఇంకో ఏడాది పరిగెత్తిస్తే వచ్చేది ఇందులో కొంతే, కాలు విరిగితే అంతా పోతుంది.

ఇప్పుడు ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక శాల తలా 10 లక్షల డాలర్లకు 20 పిల్లలను కొన్నదనుకోండి. పెట్టుబడి 2 కోట్ల డాలర్లు. అందులో 19 పనికిరాకుండా పోయి, ఒక్కటి 6 కోట్ల డాలర్ల విలువైన స్టడ్ గుర్రంగా తేలితే చాలు, శాల లాభంలోనే ఉంటుంది. మిగతా 19 ఎందుకు ఓడాయని ఆగి అడిగే అవసరం ఆ చిట్టాలో ఎక్కడా రాదు. ఒకే గుర్రమున్న రైతు దాని కుంటు నడకను మొదటి రోజే పట్టించుకుంటాడు. 20 ఉన్నవాళ్లకు అది ఇరవైలో ఒకటి.

విరమించిన గుర్రాన్ని మళ్లీ తెస్తే?

కూల్‌మోర్‌కే చెందిన జార్జ్ వాషింగ్టన్ 2006లో ఇంగ్లండులోని 2000 గినీస్ గెలిచింది. మూడేళ్ల గుర్రాలకు అక్కడ జరిగే అయిదు పెద్ద పందేల్లో అది ఒకటి. ఆ ఏడాది చివర స్టడ్‌కు పంపారు. సంతాన సామర్థ్యం బాగా తక్కువని తేలింది. చివరికి దానికి దక్కింది ఒకే ఒక్క పిల్ల. స్టడ్ లెక్క తప్పడంతో 2007లో మళ్లీ పందేలకు తెచ్చారు. మూడు ప్రయత్నాల్లో గెలుపు రాలేదు. అక్టోబరు 27న అమెరికాలోని మాన్‌మౌత్ పార్క్‌లో బ్రీడర్స్ కప్ క్లాసిక్‌కు దింపారు. అది పచ్చిక మీద పెరిగిన గుర్రం. ఆ పందెం మట్టి ట్రాక్ మీద, అదీ వానకు నాని బురదైన ట్రాక్ మీద. దారిలోనే కాలు విరిగింది. ట్రాక్ మీదే ప్రాణం తీయాల్సి వచ్చింది. పచ్చిక గుర్రాలు మట్టి మీద గెలవవని రాసిపెట్టి లేదు. కానీ ఏ ఒక్క కష్టమైనా ఓర్చుకునేదేమో గాని, స్టడ్ నుంచి తిరిగి రావడం, పరాయి నేల, బురద ఈ మూడూ ఒకే గుర్రం మీద పడ్డాయి.

తేదీ ముందు, గుర్రం తర్వాత

శాల లెక్క ఎలా ఉన్నా, గుర్రాన్ని ఎక్కువగా దెబ్బతీసేది క్యాలెండరు. డెర్బీలాంటి పందేలు మూడేళ్ల గుర్రాలకే. గుర్రం ఆ వయసులో ఉండేది ఒక్కసారే కాబట్టి ఆ పందెం జీవితంలో ఒక్కసారే. అమెరికాలో ఏటా సుమారు 17 వేల థరోబ్రెడ్ పిల్లలు, అంటే నమోదైన మేలుజాతి పందెం గుర్రాలు పుడుతుంటే, కెంటకీ డెర్బీ గేటులో నిలబడేది 20. దాదాపు 850లో ఒకటి. ఆ ఇరవైలో తమ గుర్రం కనపడాలన్న యజమాని ఆశ శిక్షకుడి తీర్పును పక్కకు తోస్తుంది.

దీనికి అరాజీని మించిన ఉదాహరణ దొరకదు. ఫ్రాన్సులో శిక్షణ పొందిన ఈ రెండేళ్ల గుర్రం 1991 నవంబరు 2న అమెరికాలోని చర్చిల్ డౌన్స్‌లో బ్రీడర్స్ కప్ జువెనైల్‌ను దాదాపు ఐదు గుర్రాల నిడివితో గెలిచింది. ఒక నిడివి అంటే సుమారు రెండున్నర మీటర్లు. ఆ పరుగు చూసినవాళ్లు నోరెళ్లబెట్టారు. యజమాని ఆలెన్ పాల్సన్. ఆ పందేనికి ముందే షేక్ మహమ్మద్ 90 లక్షల డాలర్లకు సగం వాటా కొన్నట్టు చెబుతారు. ఒకరి మనసు కెంటకీ డెర్బీ మీద, ఇంకొకరి మనసు ఇంగ్లండులోని ఎప్సమ్ డెర్బీ మీద. పందెమైన కొద్ది రోజులకే రెండు మోకాళ్లకూ శస్త్రచికిత్స చేశారు.

ఇక రోజులు లెక్కపెట్టండి. ఆ గెలుపు నుంచి 1992 మే 2న జరిగిన కెంటకీ డెర్బీకి మధ్య 182 రోజులు. అందులో కోతకు, మానడానికి, మళ్లీ నడక నేర్చుకోవడానికి, శిక్షణకు పోగా మధ్యలో పరిగెత్తింది ఒకే పందెం. ఏప్రిల్ 7న, ఫ్రాన్సులో, పచ్చిక మీద, 1,600 మీటర్లు. అక్కడికి 25 రోజులకు అట్లాంటిక్ దాటి, మట్టి మీద, 2,000 మీటర్లు, మొత్తం 18 గుర్రాల మధ్య. పందెం కట్టినవాళ్ల మొదటి ఎంపిక అదే. వచ్చింది ఎనిమిదో స్థానం. గెలిచిన లిల్ ఈ. టీ అదే వసంతంలో అమెరికాలోనే పందేలు పరిగెత్తి ఒళ్లు కుదుర్చుకుని వచ్చిన గుర్రం. అరాజీలో ప్రతిభ లేదని ఎవరూ అనలేదు. దానికి దక్కనిది వ్యవధి.

ఒక పద్ధతి గెలిపిస్తే అన్నిటికీ అదేనా?

షేక్ మహమ్మద్ శాల గోడాల్ఫిన్‌కు మొదట్లో ఒక మంచి ఆలోచన వచ్చింది. ఇంగ్లండు చలిలో ఉంచకుండా గుర్రాలను శీతాకాలమంతా దుబాయ్ ఎండలో ఉంచడం. 1994లో బాలంచైన్ అనే ఆడగుర్రం ఇలాగే వచ్చి ఎప్సమ్ ఓక్స్, ఐరిష్ డెర్బీ గెలిచింది. పద్ధతి ఫలించింది, అందులో అనుమానం లేదు.

చిక్కు తర్వాత వచ్చింది. 1998లో కాలిఫోర్నియాలో డెల్ మార్ ఫ్యూచురిటీ గెలిచిన వరల్డ్లీ మ్యానర్‌ను 50 లక్షల డాలర్లకు కొన్నారని అప్పట్లో వార్త. దాన్ని దుబాయ్ తీసుకెళ్లి, సెప్టెంబరు నుంచి మే దాకా ఒక్క అసలు పందెం కూడా పరిగెత్తించకుండా నేరుగా 1999 కెంటకీ డెర్బీకి దింపారు. ఏడో స్థానం వచ్చింది. తర్వాతి ఏళ్లలోనూ దుబాయ్ నుంచి కెంటకీకి గుర్రాలు వెళ్లాయి, ఓడాయి. చిన్న శాల అయితే రెండుసార్లు దెబ్బతిన్నాక పద్ధతి మార్చుకునేది, ఎందుకంటే మూడోసారికి డబ్బు ఉండదు. సంపన్న శాలకు ఆ అడ్డు లేదు. తప్పును ఏళ్లతరబడి భరించగల స్తోమత ఉండడమే దాని బలహీనత.

శిక్షకుడు వద్దని చెప్పలేడా?

చెప్పొచ్చు, దానికి ధర ఉంటుంది. ఇంగ్లండులో ఆ తరం మేటి శిక్షకుల్లో ఒకడైన హెన్రీ సెసిల్‌కూ షేక్ మహమ్మద్‌కూ 1995లో ఒక గుర్రం గాయం విషయంలో తేడా వచ్చింది. షేక్ తన 40 గుర్రాలను ఆ శాల నుంచి తీసుకెళ్లిపోయాడు. ఒక్క ఖాతాదారుడు వెళ్లిపోతే ఒకేసారి 40 గదులు ఖాళీ అయ్యాయి. ఇది తెలిసిన ఏ శిక్షకుడైనా, ‘ఈ గుర్రం ఇంకా సిద్ధంగా లేదు’ అనే మాటను పెద్ద యజమాని ముందు అనడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

గుర్రాల సంఖ్య కూడా ఆటంకమే. ఒక శిక్షకుడి కింద 200 గుర్రాలున్నాయనుకుందాం. రోజుకు ఎనిమిది గంటలు, అంటే 480 నిమిషాలు వాటికే ఇచ్చినా తలా రెండున్నర నిమిషాలు కూడా రావు. చూసేది సహాయకులు, వైద్యులు, గుర్రపువాళ్లు. మేత సగంలో వదిలేసిందని గుర్రపువాడు గమనించినా, ఆ మాట పైదాకా చేరేలోపు తేదీ ఖరారైపోతుంది.

దారి తప్పిన చోట

నిబంధనల ఉల్లంఘన దాకా వెళ్లిన సందర్భమూ ఉంది. 2013 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో, గోడాల్ఫిన్‌కు చెందిన మౌల్టన్ పాడాక్స్‌లో 45 గుర్రాలను పరీక్షిస్తే 11 గుర్రాల్లో అనబాలిక్ స్టెరాయిడ్లు బయటపడ్డాయి. ఇవి కండను కృత్రిమంగా పెంచే మందులు. మరో నాలుగింటికీ ఇచ్చినట్టు శిక్షకుడు మహమూద్ అల్ జరూనీ ఒప్పుకున్నాడు. అతనికి ఎనిమిదేళ్ల నిషేధం పడింది. తమకు తెలియకుండా జరిగిందని యాజమాన్యం ప్రకటించింది. శిక్ష మాత్రం మనిషితో ఆగలేదు. 15 గుర్రాలను ఆరు నెలలు పందేలకు దూరం పెట్టారు. అంతకుముందు ఏడాది నాలుగు పరుగులకు నాలుగూ గెలిచిన సర్టిఫై అనే ఆడగుర్రం వాటిలో ఒకటి. ఇంగ్లండులో మూడేళ్ల గుర్రాలకే జరిగే ఆ అయిదు పెద్ద పందేలూ ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు మధ్యలోనే అయిపోతాయి. ఆ వయసులో ఆరు నెలలంటే దాదాపు వాటన్నిటినీ పోగొట్టుకోవడమే.

ఓడిన ప్రతి గుర్రాన్నీ చెడగొట్టారనొచ్చా?

అనకూడదు. 1983లో షేక్ మహమ్మద్ తరఫున 1.02 కోట్ల డాలర్లకు కొన్న స్నాఫీ డాన్సర్ ఒక్క పందెమూ పరిగెత్తలేదు. శిక్షణలోనే మరీ నిదానమని తేలింది. అది కొనుగోలులో జరిగిన పొరపాటు. చూసుకోవడంలో లోపం ఉందనాలంటే ముందు ఆ గుర్రం సత్తా ఉన్నదని పందెంలో రుజువై ఉండాలి. తర్వాత దాని విశ్రాంతిలోనో, దూరంలోనో, నేలలోనో సమర్థించలేని మార్పు కనపడాలి. అరాజీ ఈ రెండు పరీక్షలకూ నిలుస్తుంది. గ్రీన్ మంకీ మొదటిదానికే నిలవదు. దాని విషయంలో లోపం పది సెకన్ల పరుగుకు కట్టిన ధరలో ఉంది.

పెద్ద శాలలు బాగా చూసుకున్న సందర్భాలు లేవా?

ఉన్నాయి. సౌదీ యువరాజు ఖాలిద్ అబ్దుల్లా స్థాపించిన జడ్‌మాంట్ కూడా పెద్ద శాలే. ఆయన తన ఫ్రాంకెల్‌ను అప్పగించింది ఆ హెన్రీ సెసిల్‌కే. 2010 ఆగస్టు నుంచి 2012 అక్టోబరు దాకా 26 నెలల్లో 14 పందేలు, 14 గెలుపులు. మొదటి 12 పందేల్లో ఒక్కటీ ఒక మైలు, అంటే సుమారు 1,600 మీటర్లు, దాటలేదు. 2,400 మీటర్ల ఎప్సమ్ డెర్బీని, ఎంత పేరున్న పందెమైనా, వదిలేశారు. దూరం సుమారు 2,000 మీటర్లకు పెంచింది గుర్రానికి నాలుగేళ్లు వచ్చాకే. ఒక్కసారీ ఇంగ్లండు దాటించలేదు. బహుమతులు దాదాపు 30 లక్షల పౌండ్లు. తొలి స్టడ్ ఫీజు 1.25 లక్షల పౌండ్లు కాబట్టి 24 పిల్లలు పుడితే ఆ మొత్తం వచ్చేస్తుంది. మూడేళ్లకే విరమింపజేసి ఉంటే ఒక ఏడాది ముందే ఆ డబ్బు చేతికొచ్చేది. అయినా ఆగారు.

గోడాల్ఫిన్ కూడా చివరికి దారి మార్చింది. 2025 మే 3న సావరెన్టీ ఆ శాలకు తొలి కెంటకీ డెర్బీ తెచ్చింది. వరల్డ్లీ మ్యానర్ ఓడిన 26 ఏళ్లకు. ఈ గుర్రం దుబాయ్ నుంచి రాలేదు. అమెరికాలోనే, బిల్ మాట్ అనే అనుభవజ్ఞుడి దగ్గర పెరిగింది. మరో 14 రోజులకు ప్రీక్‌నెస్ పందెం ఉంది. గెలిస్తే 12 లక్షల డాలర్లు, అంటే 10 కోట్ల రూపాయలు. పైగా మూడు పెద్ద పందేలూ గెలిచి ట్రిపుల్ క్రౌన్ అందుకునే అవకాశం. గుర్రానికి విశ్రాంతి మేలని ఆ పందెం వదులుకున్నారు. డెర్బీకి 35 రోజుల తర్వాత బెల్మాంట్ స్టేక్స్ గెలిచింది, ఆగస్టులో ట్రావర్స్ కూడా గెలిచింది.

మీరు గమనించాల్సినవి

ఈసారి పేపర్లో ఏదో గుర్రానికి ఇన్ని కోట్లు పలికిందన్న వార్త చూస్తే ఆ ధర దగ్గరే ఆగకండి. హైదరాబాదులో మలక్‌పేట రేసులకు వెళ్లేవాళ్లయితే చేతిలోని రేసు పుస్తకంలో పాత పరుగుల వివరాలు ఉంటాయి, వాటిని చదవండి. మూడు అంకెలు చాలు. గత పందేనికీ దీనికీ మధ్య ఎన్ని రోజులు? గతంలో గెలిచిన దూరానికీ ఈ దూరానికీ తేడా ఎంత? ఏడాదిలో ఎన్నిసార్లు చేతులు మారింది, ఎన్నిసార్లు ఊరు మారింది? ఈ మూడూ అదుపులో ఉంటే గుర్రం ఓడినా దానికి న్యాయం జరిగినట్టే. ఇవి అదుపు తప్పినచోట యజమాని ఎంత గొప్పవాడైనా, పోగొట్టుకున్న సొమ్ము అతనికి మళ్లీ రావచ్చు, గుర్రానికి మాత్రం ఆ మూడో ఏడు తిరిగి రాదు.